కంచె బయటి గదులు

ఫ్లోరిడాలో ఓర్లాండో నగరానికి నైరుతి దిక్కున, డిస్నీ వరల్డ్ దక్షిణ ద్వారం ముందు నుంచి కిసిమ్మీ పట్నంలోకి ఒక పెద్ద రోడ్డు పోతుంది. పటంలో దాని నంబరు 192. దాని పేరు ఇర్లో బ్రాన్సన్ మెమోరియల్ హైవే. బ్రాన్సన్ పశువుల మందలున్న ఆసామి, రాష్ట్ర సెనేటర్ కూడా. 1960లలో ఎవరి తరఫున వచ్చారో చెప్పని మనుషులు బేరానికి వస్తే ఆయన 8,380 ఎకరాలు అమ్మారు. ఎకరం ధర 107 డాలర్లు. చిత్తడి నేల, సైప్రస్ చెట్లు, దోమలు. అప్పటికి అది మంచి బేరమే.

ఇవాళ ఆ రోడ్డు వెంట కారులో వెళ్తే సగం కోసిన నారింజ పండు ఆకారంలో కట్టిన దుకాణం కనిపిస్తుంది. రంగులు వెలిసిన మోటళ్లు వరసగా వస్తాయి. కొన్నింటి ముందు పిల్లల సైకిళ్లు, మెట్ల రెయిలింగు మీద ఆరేసిన బట్టలు ఉంటాయి. రెండు రోజులుండి పోయే యాత్రికులు సైకిళ్లు తెచ్చుకోరు. ఆ గదుల్లో కాపురాలున్నాయి. ప్రపంచంలో అత్యధికంగా జనం వచ్చే వినోదాల ఊరికి కూతవేటు దూరంలో, యాత్రికుల కోసం కట్టిన గదుల్లో, ఆ యాత్రికులకు సేవ చేసే కుటుంబాలు వారం అద్దెకు బతుకుతున్నాయి.

మన తెలుగువాళ్లలో చాలామందికి ఓర్లాండో పరిచయమే. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో వేసవిలో అమ్మానాన్నల్ని పిలిపించుకుంటే చూపించే ఊళ్ల జాబితాలో నయాగరా పక్కనే అది ఉంటుంది. రెండు మూడు కుటుంబాలు కలిసి కిసిమ్మీలోనో డావెన్‌పోర్ట్‌లోనో అయిదు బెడ్‌రూముల ఇల్లు అద్దెకు తీసుకుంటాయి. వంటగది ఉంటుంది కాబట్టి రైస్ కుక్కర్, ఆవకాయ సీసా వెంట వెళ్తాయి. పొద్దున పులిహోర కట్టుకుని పార్కుకు వెళ్లి, రాత్రి బాణసంచా చూసి తిరిగొస్తారు. ఆ దారిలో 192 రోడ్డు తగులుతుంది. దాని కథ మాత్రం ఎవరూ చెప్పరు. ఆ కథ మొదలైంది ఫ్లోరిడాలో కాదు. నాలుగు వేల కిలోమీటర్ల అవతల, కాలిఫోర్నియా నారింజ తోటల్లో.

నూట అరవై ఎకరాల పాఠం

1953లో వాల్ట్ డిస్నీ తన పార్కుకు స్థలం వెతకమని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థను అడిగారు. అక్కడి హారిసన్ ప్రైస్ జనాభా ఎటు పెరుగుతోందో, కొత్త ఫ్రీవే ఎటు వస్తోందో లెక్కలు కట్టి అనాహైమ్ అనే ఊరిని చూపించారు. 160 ఎకరాల నారింజ తోటలు కొన్నారు. 1955 జులై 17న డిస్నీలాండ్ తెరుచుకుంది. దాదాపు 1.7 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. వాల్ట్ దగ్గర అంత సొమ్ము లేదు. ఏబీసీ టెలివిజన్ సంస్థను భాగస్వామిగా చేర్చుకుని, వాళ్లకు కార్యక్రమాలు తీసిచ్చే ఒప్పందం మీద ఆ డబ్బు సమకూర్చుకున్నారు.

పార్కు కట్టేసరికి జేబు ఖాళీ. వచ్చినవాళ్లు పడుకోవడానికి హోటల్ కావాలి. వాల్ట్ తన స్నేహితుడు, టెలివిజన్ నిర్మాత జాక్ రాథర్‌ను బతిమాలి హోటల్ కట్టించారు. డిస్నీ పేరు వాడుకునే హక్కు దీర్ఘకాలానికి రాసిచ్చారు. అదే ఏడాది అక్టోబరులో డిస్నీలాండ్ హోటల్ మొదలైంది. అది పెరిగి పెద్దదయింది, 1961లో మోనోరైలు దాని గుమ్మం దాకా వచ్చింది. కానీ పేరు ఒకరిది, లాభం మరొకరిది. డిస్నీ సంస్థ ఆ హోటల్‌ను సొంతం చేసుకోవడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది. రాథర్ కంపెనీని మొత్తంగా కొంటే గాని తన పేరున్న హోటల్ తన చేతికి రాలేదు.

హోటల్ ఒక్కటే అయితే సర్దుకునేవారేమో. పార్కు గోడ దాటగానే హార్బర్ బులివార్డ్ పొడవునా మోటళ్లు, హాంబర్గర్ కొట్లు, నియాన్ బోర్డులు పుట్టగొడుగుల్లా లేచాయి. ఒక మోటల్ అంతరిక్ష నౌకలా, ఇంకొకటి అల్లావుద్దీన్ కథలోలా. 1950లో 14,556 మంది ఉన్న అనాహైమ్‌లో 1960 నాటికి లక్షా నాలుగు వేల మంది తేలారు. రైతులూ, తోటల యజమానులూ చెట్లు కొట్టించి స్థలాలు అమ్ముకున్నారు. పార్కు కష్టం వాల్ట్‌ది, ఆ కష్టం వల్ల పెరిగిన భూమి విలువ పక్క స్థలంవాడిది. ఈ సంగతి ఆయన మనసులో ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఫ్లోరిడాలో ఆయన చేసిన ప్రతి పని వెనుకా ఈ ముల్లు ఉందని నాకు అనిపిస్తుంది.

ఇది మనకు అర్థం కాని సంగతేమీ కాదు. మన దగ్గర విమానాశ్రయం వస్తుందన్నా, రింగ్ రోడ్డు వస్తుందన్నా మొదటి ప్రశ్న 'ఎక్కడ', రెండో ప్రశ్న 'ఎకరం ఎంత'. మూడో ప్రశ్న, అసలు అక్కడ పనిచేయబోయేవాళ్లు ఎక్కడుంటారన్నది, ఎవరి నోటా రాదు. అమెరికాలోనూ రాలేదు.

ముసుగు పేర్ల కొనుగోళ్లు

1963 నవంబరు 22న వాల్ట్ విమానంలో ఫ్లోరిడా మీదుగా తిరుగుతూ కిందికి చూశారు. ఓర్లాండో దగ్గర ఇంటర్‌స్టేట్ 4 అనే కొత్త రహదారి, ఫ్లోరిడా టర్న్‌పైక్ ఒకదాన్నొకటి కలుసుకుంటున్నాయి. చుట్టూ ఖాళీ. సముద్రతీరం లేదు కాబట్టి పోటీ లేదు. ఇదే స్థలం అనుకున్నారు. ఆ రోజే న్యూ ఆర్లీన్స్‌లో దిగాక, అధ్యక్షుడు కెనడీని కాల్చి చంపారన్న వార్త విన్నారు.

తర్వాత రెండేళ్లు నడిచిన వ్యవహారం ఏ రియల్ ఎస్టేట్ వ్యాపారికైనా ఆసక్తి కలిగిస్తుంది. కొనేది డిస్నీ అని తెలిస్తే ధర ఆకాశానికి పోతుంది. అందుకని డొల్ల కంపెనీలు పెట్టారు. టొమహాక్ ప్రాపర్టీస్, రీడీ క్రీక్ రాంచ్, బే లేక్ ప్రాపర్టీస్, కంపాస్ ఈస్ట్, ఐఫోర్ కార్పొరేషన్. ఈ చివరి పేరును గట్టిగా పలికితే ఇంటర్‌స్టేట్ 4 రహదారి పొట్టిపేరు 'ఐ-4' వినిపిస్తుంది. డిస్నీ లాయరు రాబర్ట్ ఫాస్టర్ తన పేరులో సగం దాచి 'బాబ్ ప్రైస్'గా తిరిగారు. పెద్ద ఆసాములతో బేరం సులువుగానే అయింది. చిన్న ముక్కలే చికాకు పెట్టాయి. ఎన్నో దశాబ్దాల కిందట ఆ చిత్తడిని ముక్కలు చేసి పోస్టు ద్వారా దేశమంతా అమ్మారు. కొన్నవాళ్లు ఆ నేలను ఎప్పుడూ చూడలేదు. కాగితం పెట్టెలో పెట్టి మరచిపోయిన ఆ యజమానుల్ని ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. ఒక పెద్ద భూభాగం అడుగున ఖనిజాల హక్కు టఫ్ట్స్ విశ్వవిద్యాలయానిది. ఆ హక్కును వదిలించుకోకపోతే, రేపు ఎవరైనా వచ్చి రాకుమారి కోట కింద తవ్వుకుంటామంటే కాదనడానికి ఉండదు. 15 వేల డాలర్లిచ్చి దాన్నీ కొన్నారు.

మొత్తం 27 వేల ఎకరాలు దాటింది. మన శంషాబాద్ విమానాశ్రయం స్థలం సుమారు 5,500 ఎకరాలు. అలాంటివి అయిదు. పెట్టిన డబ్బు 50 లక్షల డాలర్ల పైచిలుకు, అంటే సగటున ఎకరానికి 180 డాలర్లు.

గుట్టు విప్పింది ఒక పత్రికా విలేఖరి. ఓర్లాండో సెంటినెల్ పత్రికకు చెందిన ఎమిలీ బావర్ 1965 అక్టోబరులో డిస్నీలాండ్‌కు వెళ్లినప్పుడు వాల్ట్‌ను సూటిగా అడిగారు, మా ఊళ్లో భూములు కొంటున్నది మీరేనా అని. ఆయన కాదన్నారు. కాదనడానికి కారణాలు చెబుతూ అక్కడి వానలు, వచ్చిపోయే యాత్రికుల లెక్కలు గడగడా చెప్పారు. సంబంధం లేని మనిషికి ఇన్ని వివరాలెందుకని ఆమెకు అనుమానం వచ్చింది. అక్టోబరు 24న పత్రిక మొదటి పేజీలో డిస్నీ పేరు అచ్చయింది. మర్నాడే గవర్నర్ హేడన్ బర్న్స్ ఔనని ఒప్పుకున్నారు. అప్పటికి కొనాల్సిన భూమి దాదాపుగా కొనేశారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఎకరం ధర వందల నుంచి వేలల్లోకి ఎక్కింది. అమ్ముకున్నవాళ్ల బాధ ఎలా ఉంటుందో మన రింగ్ రోడ్డు పక్క పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

సొంత ప్రభుత్వం

1966 డిసెంబరులో వాల్ట్ చనిపోయారు. అన్న రాయ్ డిస్నీ ఆ పని తలకెత్తుకున్నారు. 1967 మేలో గవర్నర్ క్లాడ్ కిర్క్ సంతకంతో రీడీ క్రీక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ పుట్టింది. పేరు చూస్తే మురుగు కాలువల బోర్డులా ఉంటుంది. చేతిలో ఉన్న అధికారాలు ఒక జిల్లా ప్రభుత్వానికి తీసిపోవు. రోడ్లు, నీళ్లు, కరెంటు, అగ్నిమాపక దళం, భవన నిర్మాణ నియమాలు అన్నీ తనవే. కావాలంటే విమానాశ్రయం, అణువిద్యుత్ కేంద్రం కూడా కట్టుకోవచ్చని చట్టంలో రాశారు. ఓటు మనిషికి కాదు, ఎకరానికి ఉండేది. ఎకరాలన్నీ ఎవరివో వేరే చెప్పక్కర్లేదు.

పాలన సంగతి అటుంచి ఇంజినీరింగు చూస్తే మెచ్చుకోకుండా ఉండలేం. పనామా కాలువ ప్రాంతానికి గవర్నరుగా పనిచేసిన జో పాటర్ ఆధ్వర్యంలో 40 మైళ్లకు పైగా కాలువలు తవ్వారు. తిన్నగా గీత గీసినట్టు కాకుండా వాగులా వంపులు తిప్పారు. మేజిక్ కింగ్‌డమ్ పార్కు ముందు సరస్సు కోసం తవ్విన మట్టిని పోసి నేల ఎత్తు పెంచారు. అందుకే అక్కడ జనం నడిచేది నిజానికి పై అంతస్తు. సిబ్బంది, సామాను, చెత్త తిరిగే సొరంగ మార్గాలు కింది అంతస్తులో ఉంటాయి. మూడో వంతు భూమిని ప్రకృతికి వదిలేశారు.

1971 అక్టోబరు 1న పార్కుతో పాటే కాంటెంపరరీ, పాలినేషియన్ అనే రెండు హోటళ్లు తెరుచుకున్నాయి. వాటిని యు.ఎస్. స్టీల్ కంపెనీ కట్టింది. గదుల్ని దూరంగా ఒక షెడ్డులో స్నానాలగదితో సహా పూర్తిగా తయారుచేసి, లారీల మీద తెచ్చి, క్రేనుతో ఎత్తి ఉక్కు చట్రంలో సొరుగుల్లా అమర్చారు. కాంటెంపరరీ హోటల్ హాలు మధ్యలోంచి మోనోరైలు దూసుకుపోతుంది. రాథర్ దగ్గర నేర్చుకున్న పాఠం ఇక్కడ అమలైంది. ఈసారి పరుపు, దిండు కూడా తమవే.

పడక మీద వ్యాపారం

పార్కు చుట్టూ హోటళ్లు ఎందుకంటే రాత్రి పడుకోవడానికి అని ఎవరైనా చెబుతారు. లెక్క అంతకన్నా లోతైనది. లోపల పడుకున్న మనిషి లోపలే తింటాడు. పొద్దున్నే లేచి వేరే పార్కుకు వెళ్లాలన్న ఆలోచన అతనికి రాదు. 1984లో మైకేల్ ఐస్నర్ పగ్గాలు పట్టే నాటికి ఆ విశాలమైన భూమిలో డిస్నీ సొంత హోటళ్లు కొన్నే. యాత్రికుల్లో ఎక్కువమంది 192 మీద, ఓర్లాండోలోని ఇంటర్నేషనల్ డ్రైవ్ అనే రోడ్డు మీద బస చేసేవారు. ఐస్నర్ పెద్ద పేరున్న వాస్తుశిల్పుల్ని పిలిపించారు. 1988లో గ్రాండ్ ఫ్లోరిడియన్, కరీబియన్ బీచ్ వచ్చాయి. 1990లో మైకేల్ గ్రేవ్స్ గీసిన స్వాన్, డాల్ఫిన్ వచ్చాయి. కప్పు మీద కూర్చున్న హంసలు, చేపలు ఎంత పెద్దవో దూరం నుంచే తెలుస్తుంది. 1991లో వెకేషన్ క్లబ్ పెట్టారు. ఏటా కొన్ని రోజులు గదిలో ఉండే హక్కును పాయింట్ల రూపంలో ముందే అమ్మేశారు. మొదట అమ్మిన హక్కుల గడువు 2042 దాకా ఉంది. ఒక కుటుంబం సెలవులు యాభై ఏళ్లకు బుక్కయిపోయాయన్నమాట.

1994లో ఆల్ స్టార్ హోటళ్లు మొదలయ్యాయి. ఒక్కొక్కదానిలో రెండు వేలకు దగ్గరగా గదులు, చవక ధరలు. 192 రోడ్డు మోటళ్లకు మొదటి పెద్ద దెబ్బ ఇదే. అప్పటిదాకా చవకగా ఉండాలంటే కంచె బయట ఉండాలి. ఇప్పుడు ఆ అవసరమూ తీరింది. 2005 నుంచి విమానాశ్రయంలో దిగినవాళ్లను ఉచిత బస్సులో నేరుగా హోటల్‌కు చేర్చడం మొదలుపెట్టారు. కారు అద్దెకు తీసుకోనవసరం లేదు. కారు లేని మనిషి కంచె దాటి బయటికి రాడు. 2022 మొదట్లో ఆ బస్సు ఆపేసేసరికి దాని పని అది చేసేసింది.

అయినా భూమిని ఎంత కొన్నా అంచు అంటూ ఒకటి ఉంటుంది. మధ్యలో బానెట్ క్రీక్ అనే ఒక ముక్క డిస్నీకి దొరకలేదు. పక్కనున్న భూములన్నీ అమ్ముడుపోయినా దాని యజమానులు అమ్మలేదు. చివరికి 2009లో అక్కడ హిల్టన్, వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటళ్లు లేచాయి. చుట్టూ డిస్నీ నేల, నడుమ వేరేవాళ్ల హోటళ్లు. ఇటువైపు డిస్నీ తన భూమిలోంచే దాదాపు అయిదు వేల ఎకరాలు విడదీసి సెలబ్రేషన్ అనే ఊరు కట్టింది. 1995లో మొదటి ఇళ్లు కొనడానికి జనం ఎగబడితే లాటరీ తీశారు. పాత కాలపు వరండాలు, నడిచి వెళ్లగలిగే బజారు. అందమైన ఊరే. పార్కులో పరుపులు సర్దేవాళ్ల కోసం కట్టింది మాత్రం కాదు.

వారం అద్దె

డిస్నీ వరల్డ్‌లో సుమారు 75 వేల మంది పనిచేస్తారు. ఒకే చోట ఇంతమందికి ఉద్యోగాలిచ్చే సంస్థ అమెరికాలో ఇంకొకటి లేదంటారు. కంచె లోపల పార్కులకు చోటుంది, గోల్ఫ్ మైదానాలకు చోటుంది, సుమారు 30 వేల హోటల్ గదులకు చోటుంది. ఉద్యోగులు స్థిరపడే ఇళ్లకు లేదు. అది మరచిపోవడం వల్ల జరిగింది కాదు. భూమిలో ఓటరు స్థిరపడితే రేపు పాలకమండలిని ప్రశ్నిస్తాడు. రీడీ క్రీక్‌లో కాపురమున్నవాళ్లు కొన్ని పదుల మంది, వాళ్లూ కంపెనీ మనుషులే.

2008 ఆర్థిక సంక్షోభంలో 192 మీది మోటళ్లు చాలా కుదేలయ్యాయి. యాత్రికులు తగ్గారు. ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు వచ్చి చేరాయి. అపార్ట్‌మెంట్ కావాలంటే మొదటి నెల, చివరి నెల అద్దె, పైన డిపాజిట్ ఒక్కసారే కట్టాలి. పాత రికార్డులో ఒకసారి ఖాళీ చేయించిన మచ్చ ఉంటే ఆ డబ్బున్నా ఇల్లివ్వరు. మోటల్‌కు ఇవేమీ అక్కర్లేదు, వారం డబ్బు చేతిలో పెడితే తాళం ఇస్తారు. నెల మొత్తం కలిపి చూస్తే మోటల్‌కే ఎక్కువవుతుంది. కానీ కూడబెట్టుకోలేని మనిషికి నెల లెక్క ఎప్పుడూ చేతికందదు. దినవడ్డీకి అప్పు తెచ్చి బండి నడిపే మన కూరగాయల వ్యాపారులకు ఈ లెక్క బాగా తెలుసు.

ఈ గదుల్లోని బాల్యం మీద షాన్ బేకర్ 2017లో 'ది ఫ్లోరిడా ప్రాజెక్ట్' అనే సినిమా తీశారు. కిసిమ్మీలో నిజంగా నడుస్తున్న ఊదారంగు మోటల్లోనే చిత్రీకరించారు. ఆ సినిమా చూశాక 192 మీద మోటల్ మెట్ల మీద ఆడుకునే పిల్లలు ఎవరికైనా కళ్లబడతారు. సినిమా పేరుకూ అర్థముంది. డిస్నీ వరల్డ్ ఇంకా కాగితాల మీద ఉన్నప్పుడు కంపెనీలో దాన్ని ఫ్లోరిడా ప్రాజెక్ట్ అనేవారు.

యాత్రికుల వల్ల వచ్చే పన్ను లేదా అంటే ఉంది. ఓర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలో హోటల్ గది అద్దె మీద నూటికి ఆరు వంతులు వసూలు చేస్తారు. ఏటా 35 కోట్ల డాలర్ల మేర వస్తుంది. కానీ దాన్ని ప్రధానంగా పర్యాటక ప్రచారానికి, కన్వెన్షన్ సెంటరుకు, ఆటల మైదానాలకే వాడాలని రాష్ట్ర చట్టం కట్టడి చేసింది. అంటే ఇంకా ఎక్కువ మంది యాత్రికుల్ని రప్పించడానికి. వాళ్లు వస్తే ఇంకా గదులు కావాలి, గదులు తుడవడానికి ఇంకా మనుషులు కావాలి, ఆ మనుషులకు ఇళ్లు లేవు. ఈ చట్టం మార్చాలని అక్కడివాళ్లు అడుగుతూనే ఉన్నారు. వాళ్లు అడిగేది న్యాయమని నా అభిప్రాయం.

జీతాల మీద పోరాటం కొంత ఫలించింది. 2018లో కార్మిక సంఘాలు గంటకు 15 డాలర్లు 2021 నాటికి ఇచ్చేలా ఒప్పించాయి. 2023లో అది 18 అయింది. అటు అనాహైమ్‌లో 2018 ఎన్నికల్లో ఓటర్లు, నగరం నుంచి రాయితీలు పొందే పర్యాటక సంస్థలు కనీస వేతనం పెంచాలని తీర్పిచ్చారు. తమకది వర్తించదని డిస్నీ వాదించింది. 2023లో కోర్టు వర్తిస్తుందన్నది. మరుసటి ఏడాది కంపెనీ ఉద్యోగులకు 23.3 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది.

ఇళ్ల విషయంలోనూ కదలిక వచ్చింది. ఓర్లాండోలోనే పోటీ పార్కులు నడిపే యూనివర్సల్ సంస్థ 20 ఎకరాలు ఇచ్చి, ఇతరులతో కలిసి వెయ్యి ఇళ్ల ప్రాజెక్టు మొదలుపెట్టింది. డిస్నీ 2022లో తన భూమిలోంచి దాదాపు 80 ఎకరాలు ఇస్తానని ప్రకటించింది. అక్కడ వేయికి పైగా ఇళ్లు రావాలి. 27 వేల ఎకరాల్లోంచి 80. యాభై ఏళ్ల తర్వాత.

ఆ 2022లోనే పెద్ద రాజకీయ గొడవ లేచింది. బడి పిల్లల పాఠాల మీద రాష్ట్రం చేసిన ఒక చట్టాన్ని డిస్నీ విమర్శించగానే, రీడీ క్రీక్ అధికారాన్ని లాక్కునే చట్టం వచ్చింది. 2023లో బోర్డు పేరు మారింది, గవర్నర్ నియమించిన సభ్యులు వచ్చారు. కేసులు నడిచాయి. 2024లో రాజీ కుదిరి కొత్త అభివృద్ధి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రాబోయే పది ఇరవై ఏళ్లలో 1,700 కోట్ల డాలర్ల దాకా పెట్టుబడి, మరిన్ని హోటల్ గదులు, కావాలంటే మరో పెద్ద పార్కు. ఎకరం మీద అధికారం ఎవరిదన్న తగాదా రెండేళ్లు నడిచింది. 192 మోటళ్లలో ఉన్నవాళ్ల పేరు అందులో ఎక్కువగా వినబడలేదు. 2025 మేలో యూనివర్సల్ ఎపిక్ యూనివర్స్ అనే కొత్త పార్కు తెరిచింది. దాని పక్కనా కొత్త హోటళ్లు లేచాయి.

మేజిక్ కింగ్‌డమ్‌లో కోటకు వెళ్లే వీధిలో తలెత్తి చూస్తే మేడ మీది కిటికీల అద్దాల మీద పేర్లు రాసి ఉంటాయి. పార్కు కట్టినవాళ్ల గౌరవార్థం రాసినవి. వాటిలో టొమహాక్ ప్రాపర్టీస్, కంపాస్ ఈస్ట్ లాంటి ముసుగు కంపెనీల పేర్లున్నాయి, బాబ్ ప్రైస్ అనే మారుపేరూ ఉంది. ఆ వీధిలో జనం కోట వైపే చూస్తూ నడుస్తారు, పిల్లలు బెలూన్ల వైపు.

రాత్రి ఆ కోట మీద బాణసంచా కాలుస్తారు. పార్కింగు దాటాక, లింక్స్ అని పేరు రాసిన సిటీ బస్సు యూనిఫాం మీద పైన జాకెట్ తొడుక్కున్న వాళ్లను ఎక్కించుకుని ఇర్లో బ్రాన్సన్ హైవే మీదికి తిరుగుతుంది. నారింజ పండు దుకాణం దగ్గర కొందరు దిగుతారు. మోటల్ ఆఫీసు కిటికీలో లైటు వెలుగుతూ ఉంటుంది. రేపు శుక్రవారం, వారం అద్దె కట్టాల్సిన రోజు.